పొద పోతే... సీతాకోకచిలుకా పోతుంది!

చెట్లు ఉన్నట్టే ఉంటాయి. నీడా ఉంటుంది. కానీ ఆ నీడలో ఎగరాల్సిన సీతాకోకచిలుకలే కనిపించవు. ఎందుకు? తార్నాకలో ఓ కరివేపాకు కుండీ దగ్గర మొదలుపెట్టి, రోడ్డు దాటి ఉస్మానియా ప్రాంగణంలోకి వెళ్తే జవాబు దొరుకుతుంది.

తార్నాకలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా జరిగే ముచ్చటే ఇది. పొయ్యి మీద తాలింపు చిటపటలాడుతుంటుంది. కరివేపాకు రెబ్బ కోసం ఇల్లాలు బాల్కనీలోకి పరుగెడుతుంది. కుండీలోని మొక్క మీద చెయ్యి వేసి టక్కున వెనక్కి లాక్కుంటుంది. ఆకు మీద పిట్ట రెట్ట! ఛీ అనుకుంటూ దులపబోతే అది కాస్తా కదులుతుంది. ఇంకొంచెం కదిపితే తల వెనకనుంచి రెండు చిన్న ఎర్రని కొమ్ములు బయటికి చాచి, ఘాటైన వాసన వదులుతుంది. అంతే... రెబ్బతో సహా అది మూడో అంతస్తు నుంచి వీధిలోకి ఎగిరిపోతుంది.

పడేసింది పురుగునని ఆ ఇల్లాలు అనుకుంటుంది. నిజానికి అది పసుపు, నలుపు రంగుల్లో ముద్దుగా ఉండే నిమ్మ సీతాకోకచిలుక పసితనం. పిట్టలు తినకుండా పిట్ట రెట్టలా వేషం వేసుకుంటుంది. కాస్త పెద్దయ్యాక వేషం మార్చి ఆకుపచ్చగా ఆకులో కలిసిపోతుంది. నిమ్మ, మారేడు, కరివేపాకు... దానికి తెలిసిన వంటకాలు ఇవే. పక్కనే వంద రకాల పూలకుండీలున్నా సరే, వాటి ఆకు ముట్టదు. ఆకలితో చచ్చిపోనైనా చచ్చిపోతుంది కానీ మందారం ఆకు కొరకదు!

సీతాకోకచిలుకల కథంతా ఈ మొండితనంలోనే ఉంది. పెద్దదయ్యాక దానికి కావాల్సింది తేనె. ఏ పువ్వైనా పర్వాలేదు. కానీ పిల్లగా ఉన్నప్పుడు ఒక్కో జాతికీ ఒకటో రెండో, మహా అయితే ఓ డజనో మొక్కలు. ఆ మొక్క లేకపోతే తల్లి గుడ్డు పెట్టదు. అందుకే పూలతోటలు పెంచి సీతాకోకచిలుకలు రాలేదేమని ఎదురుచూడటం, హోటల్ తెరిచి ఊళ్లో ఇళ్లు లేవేమని అడగడం లాంటిది.

రోడ్డుకు అవతల...

మూడో అంతస్తు బాల్కనీకి ఆ తల్లి సీతాకోకచిలుక ఎక్కడినుంచి వచ్చింది? ఎక్కడో పుట్టి ఉండాలిగా! తార్నాకలో నిలబడి చుట్టూ చూస్తే విషయం అర్థమవుతుంది. ఒక పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం. దాన్ని ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ, ఇఫ్లూ. ఉప్పల్ దారిలో ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్జీఆర్ఐ. ఇళ్లూ దుకాణాలూ ఒకదానిమీద ఒకటి ఎక్కిన నగరంలో ఇంత ఖాళీ నేల, ఇన్ని ప్రహరీలు, వాటి వెనక ఇన్ని చెట్లు ఒక్కచోట ఉండటం విశేషమే.

ఆ మాటకొస్తే తార్నాక పేరులోనే తోట ఉంది. ఈ చుట్టుపక్కల మామిడితోటలకు తీగలతో కంచె వేసి కాపలాకు ఓ నాకా పెట్టారని, తార్ ఉన్న నాకా కాబట్టి తార్నాక అయిందని చెబుతారు. ఇప్పటి విశ్వవిద్యాలయం ఉన్న అడిక్‌మెట్ భూములు ఒకప్పుడు కవయిత్రి మహ్‌లఖా బాయి చందా జాగీరు. 1918లో ఉస్మానియా మొదలైంది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో తయారైంది. వెయ్యి ఎకరాలకు పైబడిన ఆ రాతినేల మీద భవనాల మధ్య మిగిలిందంతా చెట్టూ, పుట్టా, పొదా. పక్కనున్న పేట పేరు చూడండి... సీతాఫల్‌మండి! దక్కన్ గుట్టల మీద ఎవరూ నాటకుండా పెరిగే సీతాఫలం, మనకు పండు ఇస్తే టెయిల్డ్ జే అనే ఆకుపచ్చ మచ్చల సీతాకోకచిలుకకు పుట్టిల్లు ఇస్తుంది. అశోకచెట్టని మనం పిలుచుకునే నిటారు నరమామిడి కూడా దానికి ఇష్టమే.

ఇలాంటి చుట్టరికాలు వెతికితే బోలెడు. రోడ్డు పక్క జిల్లేడు మీద నారింజరంగు ప్లెయిన్ టైగర్ పుడుతుంది. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి దాన్ని తిన్న పిట్ట కక్కుకుని, మళ్లీ జన్మలో దాని జోలికి పోదు. తంగేడు, రేల చెట్ల మీద ఎమిగ్రెంట్‌లు పుడతాయి. ఆముదం ఆకు మీద క్యాస్టర్ అనే ఇటుకరంగుది. చింతచెట్టు మీద బ్లాక్ రాజా. రేగు కంప మీద నల్లచుక్కల కామన్ పియరో. కంటికి కూడా ఆనని గాడిదగడపాకు అనే నేలతీగ మీద ఎర్రని ఒంటి క్రిమ్సన్ రోజ్! ముళ్లగోరింట మీద నీలికళ్ల బ్లూ పాన్సీ. మామిడికొమ్మ మీద పట్టిన బదనికను తోటమాలి శత్రువులా చూస్తాడు. జెజెబెల్‌కు మాత్రం ఆ బదనికే దిక్కు.

పేర్లన్నీ ఇంగ్లిషులో ఉన్నాయని కోపం రావచ్చు. మన సీతాకోకచిలుకలకు పేర్లు పెట్టినవాళ్లలో ఎక్కువమంది తెల్లదొరలు, అందులోనూ సైనికాధికారులు. అందుకే సార్జెంట్, కమాండర్, నవాబ్, రాజా, బ్యారొనెట్ అంటూ దర్బారంతా దింపేశారు. మనం మాత్రం అన్నిటినీ కలిపి సీతమ్మ కోక కట్టిన చిలుక అని అందమైన పేరొకటి పెట్టి ఊరుకున్నాం!

శుభ్రం చేస్తే శూన్యం

ఇప్పుడు ఆ చుట్టాల జాబితాను మరోసారి చూడండి. జిల్లేడు, ఆముదం, రేగుకంప, ముళ్లగోరింట, గాడిదగడపాకు, బదనిక. వీటిలో ఒక్కటైనా ఎవరైనా డబ్బిచ్చి నర్సరీలో కొనేదుందా? అన్నీ కలుపే, అన్నీ పిచ్చిమొక్కలే. ఏ సంస్థ ఆవరణలోనైనా స్నాతకోత్సవానికో, పెద్దమనిషి రాకకో ముందు మొదట కొట్టేసేవి ఇవే. చెట్టు కొడితే నలుగురూ అడుగుతారు. ఫొటో తీసి పేపరుకు పంపుతారు. పొద కొడితే 'ఇప్పటికి శుభ్రమైంది, పాముల భయం పోయింది' అని సంతోషిస్తారు.

చట్టానిదీ అదే చూపు. 2002లో వచ్చిన వాల్టా చట్టం చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోమంటుంది. అందులో లెక్కకు వచ్చేది చెట్టే. మరోపక్క 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కొన్ని సీతాకోకచిలుకలను రక్షిత జాబితాలో చేర్చింది. డెనెయిడ్ ఎగ్‌ఫ్లై అలాంటిదే. దాని ఆడది అచ్చం విషపు ప్లెయిన్ టైగర్‌లా వేషం కట్టి పిట్టలను బురిడీ కొట్టిస్తుంది. మరి దాని పిల్లలు తినేదేంటో తెలుసా? మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర! సీతాకోకచిలుకను పట్టుకుంటే నేరం. దాని పిల్లలతో సహా గంగవాయిలిని పారతో చెక్కి పారేస్తే తోటపని.

అడవంటే చెట్ల గుంపు అనుకోవడంతోనే చిక్కంతా వస్తోంది. సీతాకోకచిలుక దృష్టిలో అది మూడంతస్తుల మేడ. పైన చెట్ల తలలు, మధ్యలో పొదలూ తీగలూ, కింద గడ్డీ రాలిన ఆకులూ. చాలా జాతుల కాపురం మధ్య, కింది అంతస్తుల్లోనే. సాయంత్రంపూట మసక వెలుతురులో ఎగిరే ఈవెనింగ్ బ్రౌన్‌నే తీసుకోండి. పగలంతా ఎండుటాకుల మధ్య ఎండుటాకులా కూర్చుంటుంది. ఎండాకాలంలో పుట్టిన వాటి రెక్కలు మరీ ఎండుటాకులే! ఆకులు ఊడ్చి కుప్పపోసి అగ్గిపుల్ల గీస్తే ఏం తగలబడుతోందో ఊడ్చిన మనిషికి కూడా తెలియదు. కొన్ని జాతులు ఎండాకాలాన్ని గూడుకట్టిన ప్యూపాలుగా కొమ్మలకు వేలాడుతూ దాటేస్తాయి. అప్పుడు పొదలన్నీ మోళ్లలా ఉంటాయి కదా, చచ్చిపోయాయనుకుని కొట్టేస్తారు. తొలకరి పడ్డాక పైన చెట్లు మళ్లీ చిగురిస్తాయి. కింద మాత్రం ఎగిరేవి ఉండవు.

అందమైన పచ్చిక పరిచి, వరసగా విదేశీ మొక్కలు నాటితే? చూడ్డానికి పచ్చగానే ఉంటుంది. రోడ్ల మధ్య ఎక్కడపడితే అక్కడ కనిపించే కోనోకార్పస్ అలా వచ్చిందే. మేత లేని పచ్చదనం అది. 2015లో మొదలైన హరితహారంలో దాన్ని విరివిగా నాటారు. 2022లో ప్రభుత్వమే వద్దంది, వేరే కారణాలతో అనుకోండి.

నరికితే వచ్చేవీ ఉన్నాయి!

ఇంతవరకూ చదివి, అయితే అడవిలో గొడ్డలి పెట్టనే కూడదన్నమాట అనుకుంటే పొరపాటు. సీతాకోకచిలుకల లెక్క అంత తేలిగ్గా తెగదు.

ఇండోనేషియాలోని బురు దీవిలో కలప కోసం ఏరి ఏరి చెట్లు కొట్టిన అడవినీ, గొడ్డలి తగలని అడవినీ పోల్చి శాస్త్రవేత్తలు 1995లో ఓ అధ్యయనం ప్రచురించారు. కొట్టిన అడవిలో జాతులూ తగ్గాయి, సంఖ్యా తగ్గింది. తర్వాత బోర్నియో దీవిలోని సబాలో ఇలాగే చూస్తే మొత్తం జాతుల సంఖ్యలో పెద్ద తేడా రాలేదు. హమ్మయ్య అనుకోవాలా? కాదు. చీకటి నీడలో బతికే, అక్కడ తప్ప మరెక్కడా కనిపించని జాతులు దెబ్బతిన్నాయి. వాటి స్థానంలో ఎండను ఇష్టపడే, ఎక్కడైనా బతికేసే జాతులు వచ్చాయి. తలలు లెక్కపెడితే సరిపోయింది, మనుషులే మారిపోయారన్నమాట!

దీనికి పూర్తిగా తిరగబడే కథ ఇంగ్లండ్‌ది. అక్కడ వందల ఏళ్లుగా వంటచెరుకు కోసం అడవిలో ఒక్కో ఏడు ఒక్కో ముక్కను మొదలుదాకా కొట్టేవారు. మోడు మళ్లీ చిగురించేది. కొట్టిన చోట నేలమీద ఎండ పడి చిన్న మొక్కలు మొలిచేవి. ఆ మొక్కల కోసం హీత్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుక కట్టెలు కొట్టేవాడి వెనకే ఏటేటా జరుగుతూ పోయేది. ఇరవయ్యో శతాబ్దంలో బొగ్గు, గ్యాసు వచ్చి కట్టెలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. అడవి చిక్కబడింది. సీతాకోకచిలుక తుడిచిపెట్టుకుపోయే స్థితికొచ్చింది. చివరికి దానికోసమే మళ్లీ కట్టెలు కొట్టడం మొదలుపెట్టారు.

మెక్సికో కొండల్లోనైతే నాలుగు చెట్లు తీసినా ప్రమాదమే. అమెరికా, కెనడాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చే మొనార్క్‌లు అక్కడి ఓయమెల్ చెట్లకు గుత్తులు గుత్తులుగా వేలాడుతూ చలికాలం గడుపుతాయి. ఇవి మన జిల్లేడు మీది ప్లెయిన్ టైగర్‌కు దగ్గరి దాయాదులే. ఆ చెట్ల గుబురు వాటికి రాత్రి దుప్పటి, వానలో గొడుగు. కొమ్మల మధ్య సందు పడితే తడుస్తాయి. తడిసినవి త్వరగా గడ్డకట్టి చస్తాయి. 1986 నుంచి ఆ అడవులకు రక్షణ ఉన్నా దొంగ నరుకుడు ఆగలేదు. 2002 జనవరిలో ఒక్క తుపానుకు కోట్ల మొనార్క్‌లు నేల రాలాయి.

కాబట్టి కొట్టడమా, మానడమా అన్నది ప్రశ్న కాదు. ఎంత కొట్టారు, ఏ నెలలో కొట్టారు, పక్కన ఏం మిగిల్చారు... ఇవీ అడగాల్సినవి. అడవుల నిర్వహణ అని అధికారులు పిలిచేదంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

బీడీ ఆకు, బ్యారొనెట్

మన తెలంగాణ అడవుల్లోనే ఓ ఉదాహరణ ఉంది. నారింజ రంగు రెక్కల మీద నల్లని గీతలుండే బ్యారొనెట్‌కు ప్రధానమైన మేత తునికాకు. అంటే బీడీ ఆకు! ఏటా ఎండలు ముదరకముందే తునికి పొదల కొమ్మలు కొట్టిస్తారు. మోడు నుంచి లేత చిగుళ్లు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో గిరిజనులు, కూలీలు తెల్లవారుజామునే లేచి ఆ ఆకు కోసి యాభయ్యేసి కట్టలు కడతారు. వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక సంచి. వేల కుటుంబాలకు ఎండాకాలంలో నాలుగు డబ్బులు కనిపించేది దానివల్లే. ఈ పనిని ఎవరూ కాదనలేరు. కొమ్మ కొట్టడం వరకూ బ్యారొనెట్‌కు వచ్చిన నష్టమూ పెద్దగా ఉండనక్కర్లేదు, లేత ఆకు దానికీ పనికొస్తుంది. అయితే కొమ్మ కొట్టే బదులు చిగురు తొందరగా వస్తుందని కొందరు పొదకు నిప్పు పెడతారు. ఆ నిప్పు తునికి పొదతో ఆగదు. ఫిబ్రవరి నుంచి మే దాకా అడవి నేలమీద పాకుతూ కింది అంతస్తునంతా ఊడ్చేస్తుంది. కత్తి చేసే పనికీ నిప్పు చేసే పనికీ తేడా అదే.

ఇక ఖమ్మం, కొత్తగూడెం వైపు బారులు తీరిన జామాయిల్ తోటలు. కాగితం గుజ్జు కోసం పెంచి, కొన్నేళ్లకోసారి మొత్తంగా కొట్టేసి, మోళ్లనుంచి మళ్లీ పెంచుతారు. మ్యాపులో అదీ పచ్చరంగే. కానీ మన సీతాకోకచిలుకల్లో ఆ ఆకు తినేది దాదాపు లేదు. పక్కన వాగు ఒడ్డున నాలుగు బారల మేర పాత పొదలను వదిలేసిన తోటలో, అంచుదాకా దున్నేసిన తోటలో ఓ ఉదయం నడిస్తే తేడా చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. చెమ్మ ఇసుక మీద వాలి ఉప్పు పీల్చుకునే గుంపులు మొదటిదాంట్లోనే కనిపిస్తాయి.

వంద ఎకరాల్లో ఏం నాటతారు?

మళ్లీ నగరానికి వద్దాం. ఉస్మానియాకు ఇది నగరపు ఆ చివర, మరో విశ్వవిద్యాలయం పక్కన జరిగింది. 2025 మార్చి ఆఖరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి పనులు ఆపించింది. అప్పటికే దాదాపు వంద ఎకరాల్లో చెట్లు నేలమట్టమయ్యాయి. వాటిని ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళికతో రమ్మని ఏప్రిల్ 16న కోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఆ రోజుల్లో టీవీ చర్చల్లో తరచూ వినిపించిన వాదన ఒకటుంది. అక్కడ ఉన్నది అడవి కాదు, పొదలూ రాళ్లూ అని. ఆ వాదన చేసినవాళ్లకు తెలియని విషయం, దక్కన్ పీఠభూమి అడవి సహజంగానే అలా ఉంటుంది. కేరళ అడవిలా ఆకాశాన్ని తాకదు. తంగేడు, రేగు, సీతాఫలం, ముళ్లకంపలు, మధ్యలో బండరాళ్లు, వానాకాలం నిండే గుంటలు. సీతాకోకచిలుకలకు ఇంతకంటే మంచి ఇల్లు కట్టివ్వడం ఏ ఇంజనీరు వల్లా కాదు. ఒక చెట్టుకు పది మొక్కలు నాటుతామన్న హామీతో పుచ్చుకునేదీ ఇచ్చేదీ సరిపోదు. పోయిన పొదను ఏ పట్టికలోనూ రాసుకోలేదు కాబట్టి దానికి బదులు నాటాలన్న ఆలోచనా రాదు.

ఉస్మానియాకూ ఇదే వర్తిస్తుంది. చుట్టూ మెట్రో వచ్చింది, ఇళ్ల మీద ఇళ్లు లేచాయి. మిగిలిన ఖాళీనేల విలువ ఎకరాల్లోనే లెక్కిస్తారు. అందులో ఒక మూల, నడకదారులకు దూరంగా, ఆకులు ఊడ్చకుండా, ఏడాదికోసారి దసరా దాటాక, అదీ సగం సగంగా మాత్రమే గడ్డి కోసేలా వదిలేస్తే ఖర్చేమీ కాదు. పైగా మిగులుతుంది. పాముల భయం ఉన్నచోట దారికి రెండువైపులా రెండు బారలు శుభ్రం చేస్తే చాలు.

బతుకమ్మ రోజులనే తలచుకోండి. ఒకప్పుడు గునుగు, తంగేడు పూల కోసం పిల్లలు బుట్టలు పట్టుకుని ఊరిచివర బీళ్లలోకి పోయేవారు. ఇప్పుడు తార్నాక కూడలిలో కట్టలుగా కొనుక్కుంటున్నాం. వానలు తగ్గి తంగేడు విరగబూసే ఆ నెలలే హైదరాబాదులో సీతాకోకచిలుకలకూ పండగ. 2020 నుంచి దేశమంతటా సెప్టెంబరును సీతాకోకచిలుకల మాసంగా జరుపుకుంటూ, కనిపించినవాటిని లెక్కపెట్టి రాస్తున్నారు. దీనికి డిగ్రీలేమీ అక్కర్లేదు. పొద్దున తొమ్మిది దాటి ఎండ కాస్త కాగాక, పిల్లల్ని వెంటబెట్టుకుని ఏదైనా జిల్లేడు దగ్గర పావుగంట నిలబడితే చాలు. తల్లి ప్లెయిన్ టైగర్ ఆకు కింద పొట్ట వంచి ఒక్కో గుడ్డూ పెట్టడం కనిపిస్తుంది. ఒక ఆకుకు సాధారణంగా ఒక్కటే.

ఆ పాటి ఓపిక కూడా లేకపోతే బాల్కనీ ఉండనే ఉంది. కరివేపాకు కుండీ ఒకటికి రెండు పెట్టుకుని, రెండోదాన్ని దానికి వదిలేస్తే సరి. పిట్ట రెట్టలా ఉన్నది పదిరోజుల్లో ఆకుపచ్చగా మారి, ఆ మొక్కను సగం బోడి చేసి, కొమ్మకు దారంతో నడుము కట్టుకుని కదలకుండా ఉండిపోతుంది. ఓ రోజు ఉదయం, తాలింపు వేళకే, కాస్త అటూ ఇటూగా, గూడు పగిలి తడి రెక్కలతో బయటికొస్తుంది. రెక్కలు ఆరేదాకా కదలదు. ఆ తర్వాత గాలిలోకి లేచి, చాలాసార్లు, రోడ్డుకు అవతలి చెట్లవైపే వెళ్తుంది.